మస్తాన్ నుంచి రయ్యాన్ దాకా: మన పేర్ల తవారీఖ్

ఒక వరస రాస్తాను, చూడండి. షేక్ మస్తాన్ వలీ కొడుకు షేక్ మహబూబ్ సుభానీ. సుభానీ కొడుకు షేక్ జావేద్. జావేద్ కొడుకు షేక్ మొహమ్మద్ రయ్యాన్. ఆడవాళ్ళ వైపు రాస్తే నాగూర్ బీ కూతురు ఖైరున్నీసా, ఖైరున్నీసా కూతురు పర్వీన్, పర్వీన్ కూతురు ఇనాయా.

ఇది ఏ ఒక్క ఖాందాన్ షజ్రా కాదు. అయినా చదువుతుంటే మీ ఇంట్లో పేర్లు వరసగా గుర్తొచ్చే ఉంటాయి. నాలుగు తరాల్లో ‘షేక్’ ఒక్కటే కదలకుండా ఉంది. దాని పక్కనున్న పేరు మాత్రం తరానికో చోటు నుంచి వచ్చింది. దాదా పేరు దర్గా నుంచి వచ్చింది. అబ్బా పేరు గ్యార్వీ ఫాతిహా నుంచి వచ్చింది. మన పేరు ఉర్దూ రిసాలా నుంచో సినిమా నుంచో వచ్చింది. మన పిల్లల పేరు ఫోన్‌లోంచి వచ్చింది.

ఇంగ్లండ్, వేల్స్‌లో పుట్టిన పిల్లల పేర్లను ప్రభుత్వమే ఏటా లెక్కపెట్టి ప్రకటిస్తుంది. 2023లో అక్కడ మగపిల్లలకు అందరికంటే ఎక్కువగా పెట్టిన పేరు ముహమ్మద్. 4,661 మంది పిల్లలకు పెట్టారు. స్పెల్లింగ్ మారితే వేరే పేరు కింద లెక్కేస్తారు కాబట్టి, అన్ని రకాల ముహమ్మద్‌లనూ కలిపితే ఇంకా ఎక్కువే. మన దగ్గర అలాంటి జాబితా ఏదీ రాదు. మన పేర్ల తవారీఖ్ రేషన్ కార్డుల్లో, షాదీ రుఖాల్లో, బడి హాజిరీ పట్టీల్లో, ఖబరస్తాన్ రాళ్ళ మీద ఉంది. ఓపిగ్గా చదివితే అందులో మన గురించి చాలా సంగతులు తెలుస్తాయి.

ఊరు చెప్పే పేర్లు

మా దాదాల కాలంలో పేరు వింటే మనిషిది ఏ వైపో తెలిసిపోయేది. మస్తాన్ అంటే నెల్లూరు, గుంటూరు వైపు. నెల్లూరు జిల్లాలో కసుమూరు మస్తాన్ వలీ దర్గా ఉంది, గుంటూరు నడిబొడ్డున కాలే మస్తాన్ షా దర్గా ఉంది. ఆ చుట్టుపక్కల మస్తాన్, మస్తాన్ వలీ, మస్తాన్ బీ లేని వీధి ఉండేది కాదు. బాజీ అనే పేరు వింటే పెదకాకాని బాజీ షహీద్ దర్గా గుర్తుకు రావాలి. సైదా, సైదులు అంటే పాత నల్లగొండ జిల్లా, జాన్‌పహాడ్ దర్గా. యాకూబ్, యాకూబ్ పాషా అంటే వరంగల్ వైపు అన్నారం షరీఫ్. అనంతపురం దిక్కు వెళితే పెనుకొండ బాబా ఫక్రుద్దీన్ పేరు మీద బాబయ్యలు, ఫక్రుద్దీన్లు, గూగూడు పీరు పేరు మీద కుళ్ళాయప్పలు కనిపిస్తారు. కడప, ప్రొద్దుటూరు వైపు దాదా హయాత్, దాదా ఖలందర్ అనే పేర్లు వినిపిస్తాయి. అవి కర్ణాటకలో చిక్‌మగళూరు కొండల మీదున్న బాబా బుడన్ గిరి దర్గా నుంచి దిగివచ్చిన పేర్లు.

అన్నిటికంటే దూరం నడిచి వచ్చిన పేరు నాగుల్ మీరా. తమిళనాట సముద్రం ఒడ్డున నాగూర్‌లో షాహుల్ హమీద్ బాబా దర్గా ఉంది. ఆయన 16వ శతాబ్దం నాటి బుజుర్గ్. ఆ ఊరి పేరు, ఆయనను పిలుచుకునే ‘మీరా’ అనే పేరు కలిసి కృష్ణా, గుంటూరు ఇళ్ళకు వచ్చాయి. నాగూర్ తెలుగు నోట నాగుల్ అయింది. నాగూర్ వలీ, మీరావలీ, మీరాబీ, షాహుల్ హమీద్, నాగూర్ బాబు అందరూ ఆ ఒడ్డు వాళ్ళే. గాయకుడు మనో సత్తెనపల్లిలో పుట్టినప్పటి పేరు నాగూర్ బాబే. ఊరు తమిళానిది, చివరి ‘బాబు’ తెలుగుది. రెండూ కలిసి ఒక ముస్లిం బిడ్డ పేరైంది.

తెలుగు ఇంకో రకంగా కూడా మన పేర్లలోకి వచ్చింది. ఒకే దర్గాకు మొక్కుకున్న ఇంట్లో ఇద్దరు మస్తాన్‌లు పుడితే పెద మస్తాన్, చిన మస్తాన్ అయ్యేవాళ్ళు. మధ్యలో మూడోవాడుంటే నడిపి మస్తాన్. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, నాదస్వరంతో శ్రీరంగం దాకా వెళ్ళిన షేక్ చిన మౌలానా పేరులో ఆ ‘చిన’ అలాగే నిలిచిపోయింది. అరబ్బీ షేక్, అరబ్బీ మౌలానా, మధ్యలో తెలుగు చిన. ఆ పేరు విని తప్పుపట్టినవాళ్ళు లేరు.

ఒక్క బుజుర్గ్, ఏడెనిమిది పేర్లు

ఇప్పుడు నేను కొన్ని పేర్లు చెబుతాను. ఖాదర్. మొహిద్దీన్. గౌస్. జిలానీ. దస్తగిరి. మహబూబ్ సుభానీ. పీరాన్. వీళ్ళు ఏడుగురు కాదు, ఒక్కరే. 1166లో బగ్దాద్‌లో వఫాత్ అయిన హజ్రత్ అబ్దుల్ ఖాదిర్ జిలానీ పేరూ బిరుదులే ఇవన్నీ. గౌస్-ఎ-ఆజమ్ నుంచి గౌస్, గౌసియా వచ్చాయి. ముహియుద్దీన్ నుంచి మొహిద్దీన్ వచ్చింది. చెయ్యి పట్టుకుని గట్టెక్కించేవాడు అనే అర్థమున్న దస్తగీర్ నుంచి దస్తగిరి వచ్చాడు. మహబూబ్-ఎ-సుభానీ నుంచి సుభానీ వచ్చాడు. ‘పుట్టుమచ్చ’ రాసిన ఖాదర్ మొహియుద్దీన్ గారి పేరులోనూ ఆయన పేర్లు రెండున్నాయి. నాదస్వర దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీలకు పద్మశ్రీ వచ్చినప్పుడు దేశమంతా చదివిన ఆ పేర్లలో మొదటిది బగ్దాద్‌ది, రెండోది మన దర్గాల మట్టిది.

గ్యార్వీ నెలలో పుట్టిన బిడ్డకు ఈ పేర్లలో ఏదో ఒకటి పెట్టడం మామూలు. ఒకే ఇంట్లో గౌస్, ఖాదర్, జిలానీ అని ముగ్గురు అన్నదమ్ములుంటే, ముగ్గురికీ పెట్టింది ఒక్క పేరే అని ఆ ఇంటివాళ్ళకు తెలుసు. అలాగే అజ్మీర్ ఖాజా నుంచి ఖాజా, మొయినుద్దీన్. గుల్బర్గా నుంచి బందేనవాజ్. మకన్‌పూర్ షా మదార్ నుంచి మదార్ సాహెబ్, మదార్ వలీ. నిరక్షరాస్యుడైన ఒక బండి సాహెబు ఇంట్లో పేర్లు వింటే బగ్దాద్, అజ్మీర్, గుల్బర్గా, నాగూర్ అన్నీ వినిపించేవి. ఆయన ఆ ఊళ్ళేవీ చూసి ఉండడు. పేర్లతోనే జియారత్ చేసుకున్నాడు.

తెలంగాణలో దీనికి తోడు దర్బారు గాలి కూడా తగిలింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్ అలీలు, మహబూబ్ బీలు వచ్చారు. తుర్కీ మాట పాషా ఇంటింటికీ తోక పేరైంది. యాకూబ్ పాషా, జానీ పాషా, గౌస్ పాషా. 1931లో నిజాం కొడుకులిద్దరూ ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఉస్మానియా ఖిలాఫత్ ఖాందాన్ అమ్మాయిలను నిఖా చేసుకున్నారు. అందులో ఒకరి పేరు నీలోఫర్. హైదరాబాద్‌లో ఆ పేరు ముందు దవాఖానాకు నిలిచింది, తర్వాత వీధుల్లో ఎందరో అమ్మాయిలకు వచ్చింది.

మొక్కుతో వచ్చిన పేరు

ఆ కాలం వాళ్ళు అన్ని పేర్లూ దర్గాల నుంచే ఎందుకు తెచ్చుకున్నారు? ఇల్మ్ లేక అని కొందరు తేలిగ్గా చెప్పేస్తారు. నాకు వేరే లెక్క కనిపిస్తుంది. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది మొదటి సాల్గిరా చూడలేదు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి వచ్చింది. 1971లోనే అలా ఉంటే 1930లలో ఎలా ఉండేదో ఊహించుకోండి. మన దాదీమాలు ఎనిమిది కాన్పుల్లో ఎన్ని చిన్న ఖబర్లు చూశారో వాళ్ళ నోట ఎప్పుడైనా విన్నారా? చాలామంది చెప్పరు. అడిగితే వేళ్ళు మడిచి లెక్కపెట్టి, మధ్యలో ఆపేస్తారు.

ఇద్దరు పిల్లలు పోయాక మూడోసారి కడుపుతో ఉన్న తల్లి దర్గాకు వెళ్ళి, ఈ బిడ్డ బతికితే నీ పేరే పెట్టుకుంటాను బాబా అని మన్నత్ కట్టుకునేది. బిడ్డ బతికితే ఆ పేరు అప్పు తీర్చడం లాంటిది. అందుకే మస్తాన్ పేరు ఇంట్లోవాళ్ళు ఎంచుకున్నది కాదు, బాకీపడ్డది. దిష్టి తగలకుండా ఫకీర్ అనీ, ఫకీరమ్మ అనీ పిలిచేవాళ్ళు. పక్కింటి హిందువులు ఇదే భయంతో పెంటయ్య, పుల్లయ్య అని పెట్టుకునేవారు. మృత్యువుకు కనబడకుండా బిడ్డను దాచుకునే పద్ధతి ఇద్దరిదీ ఒకటే.

దర్గా ముందు తలవంచిన తల్లి ఏ మజ్హబ్‌దో దర్గా అడగలేదు. అందుకే మస్తాన్ మస్తానయ్య అయ్యాడు, మస్తానమ్మ అయింది, మస్తాన్ రావు అయ్యాడు. నెల్లూరు రాజకీయాల్లో బీద మస్తాన్ రావు గారి పేరు అందరికీ తెలుసు. హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు వెళ్ళిన శానంపూడి సైదిరెడ్డి గారి పేరులో జాన్‌పహాడ్ సైదన్న ఉన్నాడు. రాయలసీమలో హుసేనప్ప, హుసేనమ్మ, దస్తగిరమ్మ హిందువుల ఇళ్ళలో పేర్లు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు హసన్, హుసేన్‌లను ఆశన్న, ఊశన్న అని వరస కలిపి పిలుచుకున్నారు. ఒక ఊళ్ళో మస్తాన్ అని కేకేస్తే ముగ్గురు తిరిగి చూసేవారు. ముగ్గురూ ఒకే మస్జిద్‌కు వెళ్ళేవాళ్ళు కానక్కర్లేదు.

ఉర్దూ వచ్చాక

మా తరం బడికి వెళ్ళింది. నేను చదివిన ఉర్దూ మీడియం బడిలో హాజిరీ పిలుస్తుంటే ఒకే ఛందస్సులో నజ్మ్ చదువుతున్నట్టుండేది. రిజ్వానా, ఫర్జానా, రుఖ్సానా, రెహానా, సుల్తానా. తర్వాత నస్రీన్, యాస్మీన్, నాజ్‌నీన్, పర్వీన్. పర్వీన్‌లు నలుగురుండేవారు, అందుకని పర్వీన్ సుల్తానా, షాహీన్ పర్వీన్ అని రెండేసి పేర్లతో పిలవాల్సి వచ్చేది. మగపిల్లల్లో జావేద్, పర్వేజ్, ఫిరోజ్, సలీమ్, నయీమ్, వసీమ్. మస్తాన్‌లు, సుభానీలు కూడా ఉండేవారు గానీ, వాళ్ళు ఎక్కువగా పల్లెల నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండేవాళ్ళు.

ఈ పేర్లు ఎక్కడివి? చాలా వరకు ఫార్సీవి, ఉర్దూ షాయరీ మీదుగా వచ్చాయి. పర్వీన్ అంటే కృత్తికా నక్షత్రాలు. నాహీద్ అంటే శుక్ర గ్రహం. నస్రీన్, యాస్మీన్ పూలు. షాహీన్ డేగ. అల్లామా ఇఖ్బాల్ తన షాయరీలో షాహీన్‌ను ఎంత ఎత్తున ఎగరేశాడంటే, ఆ పేరు ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఇద్దరికీ వచ్చింది. బడులు, కాలేజీలు, ఉర్దూ అఖ్బార్లు, ఇంటికి వచ్చే రిసాలాలు ఈ పేర్లను పల్లెలకు మోసుకొచ్చాయి. 1918లో హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంతో మొదలైంది. 1947లో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉస్మానియా కాలేజీ పెట్టారు. అలాంటి చోట్ల చదివి టీచర్లు, గుమాస్తాలు అయినవాళ్ళు తమ పిల్లలకు దర్గా పేర్లు పెట్టలేదు. కితాబ్‌లో చదివిన పేర్లు పెట్టారు. సుభానీ కొడుకు జావేద్ అయింది ఇలాగే. ఆ పేరుతో ఇంటివాళ్ళు ఒక మెట్టు ఎక్కారు.

సినిమా మిగతా పని చేసింది. 1955లో తెలుగు ‘అనార్కలి’, 1960లో ‘ముఘల్-ఎ-ఆజమ్’ వచ్చాయి. సలీమ్ అనే పేరు ప్రేమికుడి పేరైంది. నర్గిస్, వహీదా, ముంతాజ్, షబానా, జీనత్ తెర మీది నుంచి ఇంట్లోకి వచ్చారు. 1982లో ‘నికాహ్’ సినిమాలో నాయిక పేరు నీలోఫర్, ఆ పేరుకు మళ్ళీ కొత్త ఊపిరి వచ్చింది. క్రికెట్‌తో ఇమ్రాన్‌లు వచ్చారు. 1984 ఆఖర్లో మన హైదరాబాదీ అజహరుద్దీన్ మొదటి టెస్టులోనే సెంచరీ కొట్టి, వరసగా మూడు టెస్టుల్లో మూడు కొట్టాడు. ఆ తర్వాత దేశంలో ఎన్ని ఇళ్ళలో అజహర్‌లు పుట్టారో! కేరళలో 1994లో పుట్టిన క్రికెటర్ అజహరుద్దీన్‌కు ఆ పేరు పెట్టింది వాళ్ళన్నయ్య, అభిమానంతో. 1990ల తొలినాళ్ళలో సల్మాన్‌లు, షారుఖ్‌లు, ఆమిర్‌లు. 2005 తర్వాత సానియాలు.

ఇదే కాలంలో ఇంకో మార్పు చప్పుడు లేకుండా జరిగింది. పేర్లు బరువు తగ్గాయి. సిరాజుద్దీన్ సిరాజ్ అయ్యాడు, మొయినుద్దీన్ మొయిన్ అయ్యాడు. ఖైరున్నీసా, జేబున్నీసా, మెహరున్నీసాల నుంచి నీసా ఊడిపోయింది. ‘బీ’ అయితే మరీ ముందే పోయింది. బీ అంటే బీబీ, ఇజ్జత్‌గా పిలిచే మాట. మా తరం ఆడపిల్లలకు అది పల్లెటూరి వాసన కొట్టింది, బేగం అని మార్చుకున్నారు. వాళ్ళ కూతుళ్ళకు బేగం కూడా అక్కర్లేదు.

ఇస్లాహ్, గల్ఫ్

పేర్ల మీద బహస్ కొత్తదేం కాదు. 19వ శతాబ్దం మొదట్లో షా ఇస్మాయీల్ దెహల్వీ ‘తఖ్వియతుల్ ఈమాన్’లో నబీ బఖ్ష్, అలీ బఖ్ష్, పీర్ బఖ్ష్ లాంటి పేర్లను తప్పుపట్టారు. బిడ్డను ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే కదా, నబీ ఇచ్చాడని, పీర్ ఇచ్చాడని పేరు పెట్టడం ఏమిటని వారి వాదన. ఆ మాట ఢిల్లీ నుంచి మన పల్లెలకు రావడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. మద్రసాల్లో చదివిన ఆలిమ్‌లు, జమాత్‌లో తిరిగి వచ్చిన జవాన్లు దాన్ని ఇంటింటికీ తెచ్చారు. బిడ్డకు అబ్దుల్లాహ్, అబ్దుర్రహ్మాన్ అని పెట్టుకోండి, సహాబాల పేర్లు పెట్టుకోండి అన్నారు. ఉమర్, హమ్జా, బిలాల్, జైద్, ఆయిషా, సుమయ్యా, ఖదీజా ఇళ్ళలోకి వచ్చారు. మంచి పేర్లే. ఇంట్లో రోజూ పిలుచుకుంటుంటే సీరత్ పిల్లలకు కథలా అలవాటైపోతుంది.

రెండో దారి గల్ఫ్. 1973లో చమురు ధర పెరిగాక కడప, కరీంనగర్, నిజామాబాద్, హైదరాబాద్, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు కువైట్‌కు, సౌదీకి, దుబాయికి వెళ్ళారు. అక్కడ పేరుకు మొదటిసారి అరబ్బీ చెవి తగిలింది. ఇక్కడ జిందగీ అంతా ‘అబ్దుల్’ అని పిలిపించుకున్నవాడిని అక్కడ, ఎవరి అబ్ద్‌వు, మిగతా సగం ఏదని అడిగారు. అబ్దుల్ అంటే ‘…యొక్క దాసుడు’, ఎవరి దాసుడో చెప్పకపోతే మాట పూర్తి కాదు. అలా అడిగించుకుని వచ్చినవాళ్ళు ఇంటికొచ్చాక పిల్లల పేర్లు పూర్తిగా, సరిగా పెట్టుకున్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడ ఒక్క మాట ఆలోచించాలి. ఉమర్, హమ్జా, ఖాలిద్, ఖదీజా, ఫాతిమా అన్నవి ఇస్లాంకు ముందు నుంచీ అరబ్బుల్లో ఉన్న పేర్లే. ఇస్లాం స్వీకరించిన వాళ్ళందరినీ పేరు మార్చుకోమని హుజూర్ చెప్పలేదు. అర్థం చెడ్డదైతే మార్చారు. ఆసియా (అవిధేయురాలు) అనే పేరున్న ఆమెకు జమీలా అని పెట్టడం అందుకే. లెక్క అర్థంతోనే గానీ ఏ భాష పేరు అన్నదానితో కాదు.

ఇప్పుడు మన ఇళ్ళలో లెక్క చూడండి. ఫిరోజ్, జమ్షేద్, షీరీన్ ఇస్లాంకు ముందటి ఇరాన్ పేర్లు. వాటిని ఎవరూ అడగరు. జోయా గ్రీకు నుంచి రష్యా మీదుగా ప్రపంచం చుట్టిన పేరు, ‘జీవితం’ అని అర్థం. ఇప్పుడు మనకు అది నికార్సైన ముస్లిం పేరు. మస్తాన్ కూడా ఫార్సీ మాటే. అల్లాహ్ ధ్యాసలో మస్త్ అయినవాడని అర్థం. అయినా అది ‘జాహిల్ పేరు’, ‘బూబమ్మల కాలం పేరు’ అయిపోయింది. దర్గా మొక్కు వద్దనుకోవడం ఒక అఖీదా, దాని మీద నాకు ఎవరితోనూ పేచీ లేదు. కానీ కాలేజీలో చదివే మనవడు ఫ్రెండ్స్ ముందు దాదా పేరు చెప్పడానికి నీళ్ళు నమలడం అఖీదా కాదు. అది సిగ్గు. రెండూ వేరు.

ఫోన్‌లో వెతికిన పేరు

ఇప్పుడు పుట్టే పిల్లల పేర్లు మీకు తెలిసినవే. అయాన్, రయ్యాన్, అర్హామ్, అజ్లాన్, జోయా, ఆయత్, ఇనాయా, మిన్హా, అలీనా, హూరైన్. రోజాదారులు వెళ్ళే జన్నత్ దర్వాజా పేరు రయ్యాన్. ఆయత్ ఖురాన్ వాక్యం. ఇనాయా అంటే దయ, రక్షణ. ముద్దుగా ఉన్నాయి. రెండే అక్షరాల్లో, మూడు అక్షరాల్లో అయిపోతాయి. కువైట్‌లోనూ డల్లాస్‌లోనూ నోరు తిరుగుతుంది.

దీనికి ఇంటి లెక్క కూడా కారణం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992–93లో దేశంలో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు. 2019–21 సర్వేలో 2.36. ఆరేడుగురు పుట్టే ఇంట్లో పేరు వరసలో వచ్చి పడుతుంది. నానీ ఒకటి పెడుతుంది, ఫూఫీ ఒకటి పెడుతుంది, ముల్లా సాబ్ ఒకటి చెబుతారు. ఒక్కరో ఇద్దరో పుట్టే ఇంట్లో తల్లిదండ్రులే కూర్చుని నెలల తరబడి వెతుకుతారు. వీధిలో ఎవరికీ లేని పేరు కావాలి. దాదీమా చెప్పిన పేరును ‘అచ్ఛా, దేఖేంగే’ అని పక్కన పెడతారు. పూర్వం అందరికీ ఉన్న పేరు కావాలనుకున్నారు, బాబా నీడ పడుతుందని. ఇప్పుడు ఎవరికీ లేని పేరు కావాలి.

కాగితాలు ఇంకో కారణం. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969లో వచ్చింది గానీ మన పల్లెల్లో చాలాకాలం పేరు రాసింది బడి మాస్టారే. ఖైరున్నీసా ఇంట్లో ఖైరూన్, రేషన్ కార్డులో ఖైరున్ బీ, ఓటరు జాబితాలో కైరున్నిసా బేగం. హుసేన్ ఉసేన్ అయ్యాడు, ఖాసిం కాశిం అయ్యాడు, ఫాతిమా పాతిమా అయింది. ఉర్దూలో ఐదు అక్షరాలు చేసే పని తెలుగులో ఒక్క ‘జ’ చేస్తుంది. మలక్ (ఫరిష్తా), మలిక్ (బాద్షా), మాలిక్ (యజమాని) మధ్య తేడా రాసేవాడి దీర్ఘం మీద ఆధారపడి ఉంటుంది. ఇన్నాళ్ళూ దాంతో నడిచిపోయింది. ఇకపై నడవదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్ళకు బడి దాఖలా నుంచి పాస్‌పోర్టు దాకా జనన ధ్రువపత్రమే ఆధారం. అఖీఖా రోజున చెవిలో చెప్పిన పేరు కంటే ఆస్పత్రి ఫారంలో రాసిన స్పెల్లింగ్ గట్టిది. రాసేటప్పుడు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింట్లోనూ రాసుకుని చూసుకోండి. ఇంట్లో పెద్దల కాగితాల్లో పేర్లు ఎన్ని రకాలుగా ఉన్నాయో కూడా ఈ రోజే చూసి సరిచేయించండి. దీని మీద పెన్షన్లు, ఆస్తులు, హజ్ పాస్‌పోర్టులు ఆగినవాళ్ళు మీ మొహల్లాలోనే ఉంటారు.

ఇద్దరిదీ అయిన పేరు

చివరగా ఒక సంగతి. ఇది రాయాలా వద్దా అని కొంత ఆలోచించాను.

2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ ఒక పరిశోధన ప్రచురించారు. ఒకే రకం చదువు, ఒకే రకం అర్హతలతో ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపారు. పేరు ఒక్కటే వేరు. ముస్లిం పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల హిందూ పేరున్న దానికంటే చాలా తక్కువని తేలింది. ఊళ్ళో ఇల్లు అద్దెకు వెతికినవాళ్ళకు దీన్ని పరిశోధన చెప్పక్కర్లేదు. ఫోన్‌లో అంతా ఖాయమయ్యాక, ‘పేరేంటండీ’ అన్నదాని దగ్గర ఇల్లు ఖాళీ లేకుండా పోతుంది.

అందుకే కొందరు యువ తల్లిదండ్రులు ఇప్పుడు వెతుకుతున్న పేర్లు ఎలాంటివో గమనించండి. సమీర్, కబీర్, అయాన్, అర్మాన్, ఆలియా, సారా. అర్థం మంచిదే, మనదే. కానీ వింటే ఇటూ కావచ్చు, అటూ కావచ్చు. బిడ్డ రేపు ఇంటర్వ్యూకు వెళ్ళినప్పుడు మొదటి నిమిషంలో తలుపు మూసుకుపోకూడదని తల్లి ఆలోచన. ఆమెను నేను తప్పుపట్టను. 1930లో కసుమూరు దర్గా ముందు నిలబడ్డ తల్లిదీ ఇదే ఆలోచన. బిడ్డ బతకాలి.

అప్పుడూ ఇద్దరిదీ అయిన పేరే పెట్టుకున్నాం, ఇప్పుడూ ఇద్దరిదీ అనిపించే పేరే వెతుకుతున్నాం. తేడా ఎక్కడుందంటే, మస్తాన్ అనే పేరు ఇద్దరూ ఒకే గడప ముందు నిలబడి తెచ్చుకున్నది. మస్తాన్ రావు పేరు విని ఎవరూ ముస్లిం అనుకుని భయపడలేదు, మస్తాన్ వలీ తన పేరును దాచుకోలేదు. ఇప్పుడు ఆ పేరును వాళ్ళూ వదిలేశారు, మనమూ వదిలేశాం. కారణాలు వేరు. మస్తాన్ రావు మనవడికి అది తురక పేరు. మస్తాన్ వలీ మనవడికి అది సరైన ముస్లిం పేరు కాదు. ఇద్దరి మధ్య పడి ఒక మంచి పేరు దిక్కులేనిదైంది.

మీ బిడ్డకు మస్తాన్ అని పెట్టమని నేను చెప్పడం లేదు. రయ్యాన్, ఇనాయా చల్లగా ఉండాలి, వాళ్ళ పేర్లు వాళ్ళకు ముబారక్ కావాలి. నేను అడిగేది చిన్న పని. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, తెలిసినంత వరకు పైతరాల పేర్లు రాసుకోండి. మగవాళ్ళవే కాదు, దాదీల, నానీల పేర్లు కూడా. ‘ఫలానావారి భార్య’ అని కాకుండా ఆమె సొంత పేరు. ఆ పేరు ఎవరు పెట్టారు, ఏ దర్గాలో మొక్కుకున్నారు, ఆ బిడ్డకు ముందు ఎందరు పోయారు అని అడగండి. ఓ నోట్‌బుక్‌లో రెండు పేజీలు సరిపోతాయి. రయ్యాన్‌కు పదేళ్ళొచ్చాక చదివించండి. తన ముత్తాతకు మస్తాన్ అని ఎందుకు పేరు పెట్టారో తెలిసిన పిల్లాడు ఆ పేరు చెప్పడానికి నీళ్ళు నమలడు.